స్కానర్ పెట్టే ముందు బానెట్ ఎత్తండి

ఇరవై తొమ్మిదేళ్ళకే రిటైరవుతున్నానంటే మోతీనగర్‌లో మా ఇంట్లో అందరూ నవ్వారు. ఉద్యోగం మానేయడాన్ని రిటైర్‌మెంట్ అనరని అక్క సరిదిద్దింది. కానీ ఎనిమిదేళ్ళపాటు ఒకే షెడ్డులో, ఒకే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చేసిన పని నుంచి లేస్తున్నాను కాబట్టి నాకు ఆ మాటే సరిపోతుంది అనిపిస్తోంది. వచ్చే నెల నుంచి ఒక పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ ల్యాబ్ చూసుకోబోతున్నాను.

రాయమన్నది మా ఓనరు రాజేశం సార్. "నువ్వు పోతె గీ ఫోన్ల ముచ్చట ఎవరికెరుక బిడ్డా? నీ తర్వాత వచ్చే పిల్లకు అంత రాసిపెట్టి పో" అన్నారు. ఆయన అడిగింది ఏ బటన్ ఎప్పుడు నొక్కాలో చెప్పే ఒక కాగితం. అది అరగంటలో రాసిచ్చాను. ఇది వేరు. నలుగురిలో నోరు విప్పడం రాని నేను ఎనిమిదేళ్ళుగా డైరీలో రాసుకున్న వాటిలోంచి, ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఉపయోగపడేవి ఏరి పెడుతున్నాను. ఎక్కువ భాగం నా తప్పులే. వాటిలో ఒకదాని వల్ల ఒక మనిషి ఉద్యోగం, దానితోపాటు అతని పేరు పోబోయాయి. దాని గురించే ఎక్కువ రాస్తాను.

అగ్గిపెట్టె అంత డబ్బా

కృష్ణానగర్ సందులు అయిపోయి జూబ్లీహిల్స్ ఎత్తు మొదలయ్యే చోట మా షెడ్డు ఉంది. ఇరవై రెండు బండ్లు. కొన్ని నటీనటులను ఇంటి నుంచి లొకేషన్‌కు తీసుకెళ్ళి మళ్ళీ దింపుతాయి. కొన్ని సినిమాలోనే కనిపిస్తాయి. వాటిని పిక్చర్ బండ్లు అంటాం. రెండు పనులూ చేసేవీ ఉన్నాయి. పొద్దున హీరోయిన్ వాళ్ళ అమ్మగారిని స్టూడియోలో దింపిన బండే మధ్యాహ్నం విలన్ బండై దుమ్ము లేపుతుంది.

ఆ బండ్ల ఒంట్లో ఎలా ఉందో చూడడం నా పని. స్టీరింగ్ కింద, మోకాలికి తగిలే చోట ఒక సాకెట్ ఉంటుంది. అగ్గిపెట్టె అంత స్కానర్‌ను అందులో గుచ్చితే, అది బండిలోని కంప్యూటర్‌తో మాట్లాడి, విన్నదంతా బ్లూటూత్ మీద నా ఫోన్‌లోని యాప్‌కు చేరవేస్తుంది. ఇంజిన్ ఎంత వేడెక్కింది, బ్యాటరీకి ఎంత ఓపిక ఉంది, ఏ సెన్సార్ ఏమంటోంది అన్నీ గీతలుగా, అంకెలుగా కనబడతాయి. ఎక్కడైనా తేడా వస్తే బండి ఒక కోడ్ రాసిపెట్టుకుంటుంది. డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ పసుపుపచ్చగా వెలుగుతుంది.

డిప్లొమాలో మా క్లాసులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. ప్రాక్టికల్స్‌లో ఇంజిన్ చుట్టూ అందరూ మూగితే, వెనక నిలబడి వాళ్ళ భుజాల సందులోంచి కనిపించినంతే నేర్చుకున్నాను. అందుకే స్కానర్ నాకు తెగ నచ్చింది. దాన్ని గట్టిగా అడగక్కర్లేదు. అది గట్టిగా చెప్పదు. "మనుషులతో మాట్లాడక్కర్లేని ఉద్యోగం దొరికింది" అని మొదటి రోజు డైరీలో రాసుకున్నాను. ఈ వృత్తి గురించి నేను రాసుకున్న మొదటి వాక్యమే తప్పు.

యముడు దిగి నడిచిన రోజు

చేరిన నెలలోనే ఒక కారులో ఇంజిన్ బొమ్మ వెలిగింది. స్కానర్ గుచ్చితే కోడ్ వచ్చింది. దాని కిందే కోడ్‌ను తుడిచేసే బటన్ ఉంది. నొక్కాను. లైటు ఆరిపోయింది. రాజేశం సార్ షెడ్డంతా వినబడేలా "మా డాక్టరమ్మ" అన్నారు. ఆ రోజు డైరీలో రెండు పేజీలు నిండాయి.

మూడో రోజు ఆ కారు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయింది. లోపల యముడి వేషంలో ఒక పెద్ద నటుడు ఉన్నారు. కిరీటం కారు టాపుకు తగులుతోందని మెడ వంచుకుని కూర్చున్న మనిషి, దిగి గద భుజాన పెట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డారు. జనం సెల్ఫీలకు ఎగబడ్డారు. నేను ఆటోలో వెళ్ళేసరికి ఆయన నన్ను చూసి, "దున్నపోతు మీద వచ్చుంటే ఈపాటికి లొకేషన్‌లో ఉండేవాణ్ణమ్మా" అన్నారు. కోపంగా కాదు, నిజంగా లెక్కవేసి చెప్పినట్టు అన్నారు.

మా మెకానిక్ ప్రకాశం గారిది భీమవరం వైపు. నలభై ఏళ్ళ చేయి. ఆదివారం చర్చికి తప్ప దేనికీ షెడ్డు వదలరు. ఆయన బండి చూడగానే, "కోడ్ ఏమొచ్చిందమ్మా?" అని అడిగారు.

"తుడిచేశానండీ."

"రాసుకున్నావా?"

"లేదండీ."

"అంటే నొప్పి చెప్పుకుందామని వచ్చిన పేషెంటు నోరు మూసి పంపించావన్నమాట."

కోడ్ పడిన క్షణంలో బండి ఎంత వేగంలో ఉంది, ఎంత వేడిగా ఉంది అన్నది కూడా ఆ కోడ్‌తోపాటే దాచి ఉంటుందని, తుడిస్తే అదీ పోతుందని అప్పుడే తెలిసింది. లైటు ఆరిపోవడం వేరు, రోగం తగ్గడం వేరు. ముందు రాసుకోవాలి, తర్వాత బాగుచేయాలి, ఆ తర్వాతే తుడవాలి.

రెండో తప్పు ఇంకా చిన్నది. స్కానర్‌ను ఒక బండికే వదిలేసి మరిచిపోయాను. షెడ్యూలు గ్యాపులో బండి కదలకుండా ఉన్నన్నాళ్ళూ ఆ డబ్బా కొంచెం కొంచెంగా బ్యాటరీని తాగేసింది. సినిమా ముహూర్తం నాడు హీరో స్టయిలుగా కారులో వచ్చి దిగాలి. నలుగురు లైట్‌మెన్ వెనక వంగి తోస్తే కారు వచ్చింది. ఫ్రేములో వాళ్ళు కనబడలేదు. ఆ సినిమా టీవీలో వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ఆ షాట్ కోసం పిలుస్తారు.

రాజేశం సార్

ఓనరు గురించి నిజం రాయకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. ఆయన బండిని చెవితో చూసే తరం మనిషి. బానెట్ మీద చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, "దీనికి గొంతు బాగలేదు" అంటారు. సగం సార్లు నిజమవుతుంది. గంటలో ఒక నిర్ణయం తీసుకుంటారు. తప్పని తెలిస్తే ఇంకో గంటలో మార్చుకుంటారు. ఇబ్బందల్లా ఆ మధ్య గంటే.

ఒకసారి ఒక ప్రొడక్షన్ మేనేజరు నాకు ఫోన్ చేసి, ఫలానా హీరోయిన్ బండి నిన్న ఎక్కడెక్కడ ఆగిందో యాప్‌లో చూసి చెప్పమన్నాడు. అప్పట్లో మా యాప్‌లో ట్రిప్పులు కూడా నమోదయ్యేవి. ఫోన్‌లో మాట్లాడడమంటేనే నాకు గుండెదడ. తర్వాత చెప్తానని పెట్టేసి మెసేజ్ రాశాను: "బండికి జ్వరం ఉందో లేదో చెప్పగలను సార్. మనిషి ఎక్కడికి పోయిందో నా పని కాదు." అతను నేరుగా రాజేశం సార్‌కు ఫిర్యాదు చేశాడు. సార్ మెసేజ్ చదివి, నవ్వి, "సక్కగ రాసినవ్. నోటితోని అన్నవనుకో, ఇంక మంచిగుంటుండె" అన్నారు. ఆ రోజు నుంచి ట్రిప్పులు నమోదు కాకుండా ఆపేశాం. మీరూ ఆపండి. స్కానర్ బండిని చూడడానికి, మనుషులను వెంటాడడానికి కాదు.

ఇలా రాసిన నేనే తర్వాత ఒక మనిషి మీదికి ఆ స్కానర్‌ను తిప్పాను.

నాలుగో వాక్యం

మా దగ్గర ఒక పెద్ద నల్ల డీజిల్ బండి ఉంది. సినిమాల్లో అందరూ అడిగేది అదే. దాని డ్రైవరు యాదగిరి అన్న. ఈ లైన్లో పందొమ్మిదేళ్ళుగా ఉన్నాడు. రోజూ పొద్దున బండిని తన తువ్వాలుతో తుడిచి, అదే తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటాడు.

ఆ బండి నెలకోసారి ఎత్తు మీద చచ్చిపోయేది. ఫిల్మ్‌నగర్ ఎక్కేటప్పుడు ఇంజిన్ బొమ్మ వెలిగి, పికప్ పోయి, నడిచేవాడి వేగానికి పడిపోయేది. టర్బో ఇంజిన్‌లోకి తోసే గాలి ఒత్తిడిని కొలిచే సెన్సార్ నుంచి మాట రావడం లేదని కోడ్ పడేది. ప్రకాశం గారు సెన్సార్ మార్చేవారు. బాగుండేది. నెల తిరిగేసరికి మళ్ళీ అదే. మూడోసారి బండిలో ఒక పెద్ద నిర్మాత ఉన్నారు. ఆయన దిగి, పంచె ఎగ్గట్టి, మిగిలిన ఎత్తు నడిచి ఎక్కారు. పైకి చేరాక రాజేశం సార్‌కు ఫోన్ చేశారు.

సార్ నన్ను పిలిచి, కారణం కాగితం మీద కావాలన్నారు.

నాలుగు వాక్యాలు రాశాను. సెన్సార్ కొత్తది, బాగుంది. దానికి వచ్చే వైరు తగులుతూ, ఊడుతూ ఉంది. నెలకోసారే అలా అవుతోంది. ఈ మూడూ స్కానర్ చెప్పినవి. నాలుగో వాక్యం నాది: "ఎవరో చేత్తో వదులు చేస్తున్నట్టు అనిపిస్తోంది."

ఎందుకు రాశానో ఇప్పుడు దాచను. ఆ రోజుల్లో నా టేబుల్ సొరుగులో ఎప్పుడూ ఒక డిటెక్టివ్ నవల ఉండేది. మూడు వాక్యాల రిపోర్టు మరీ చప్పగా కనిపించింది. నోటితో అనలేని మాటలు కాగితం మీద నాకు సులువుగా వచ్చేస్తాయి. సిగ్గున్న మనిషి చేతిలో పెన్ను అంత మంచిదేం కాదు.

సార్ చదివారు. "ఎవరో ఏంది? తాళం ఒక్కనితాన్నే ఉంటది" అని యాదగిరి అన్నను పిలిచారు.

"యాదగిరీ, లీవు కావాలంటె అడుగు. నెల నెలా గీ వైరు ఊడపీకుడేంది?"

"నేనెందుకు పీకుత సార్? నా బండి అది."

"నీ బండి కాదు, నా బండి."

"కాయిదం మీద మీదే సార్. కడిగేది నేను గద."

"జర తమాషలు బంద్ చెయ్. ఫోన్ల సాఫ్ వచ్చింది. మిషిను అబద్ధం చెప్తదా?"

యాదగిరి అన్న నా వైపు తిరిగాడు. "మేడం, నేను పీకిన్నని మిషిను చెప్పిందా?"

జవాబు ఒక్క మాట. లేదు. అది నేను అనలేదు. నేను ఫోన్ తెర వైపు చూస్తూ కూర్చున్నాను.

"తాళం టేబుల్ మీద పెట్టు" అన్నారు సార్. "ఆదివారం దాక ఆలోచిస్త. గప్పటిదాక రాకు."

అన్న తాళం పెట్టాడు. తువ్వాలు భుజం మీది నుంచి తీసి, బండి అద్దం మీద దుమ్ము ఉంటే తుడిచి మరీ వెళ్ళాడు.

కృష్ణానగర్‌లో మాట ఒక టీ బండి నుంచి ఇంకో టీ బండికి పోవడానికి ఎంతోసేపు పట్టదు. బండి చెడగొట్టేవాడన్న పేరు పడితే ఏ సినిమా కంపెనీ అతనికి తాళం ఇవ్వదు. సాయంత్రం నేను బస్సుకు పోతుంటే మా టీ అంకుల్ అడిగాడు: "యాదగిరి వైర్లు కోసిండట కద?" ఊడపీకడం అప్పటికే కోయడం అయిపోయింది. అది గురువారం.

తిథులున్న డైరీ

ఆ రాత్రి నా మూడు నెలల డైరీ ముందు వేసుకుని, నల్లబండికి కోడ్ వచ్చిన రోజులు వెతికాను. నా డైరీలో ప్రతి పేజీ మూలా తిథి అచ్చేసి ఉంటుంది. మొదటిసారి కోడ్ వచ్చింది పాడ్యమి నాడు. రెండోసారి విదియ. మూడోసారి మళ్ళీ పాడ్యమి. ఒక్కో పేజీ వెనక్కి తిప్పాను. మూడు నెలల్లోనూ అమావాస్య పేజీలో నా రాతే, ఇంచుమించు ఒకే వాక్యం: "యాదగిరి అన్న బండ్లన్నిటికీ నిమ్మకాయలు, మిరపకాయలు కట్టాడు. రోజంతా తుమ్ములు."

దిష్టి నిమ్మకాయకూ టర్బోకూ ఏమిటి సంబంధం? మిగతా బండ్లకూ కడతాడు, వాటికి ఏ కోడూ రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది. మిగతా బండ్లకు ముందు నంబరు ప్లేటు కింద వేలాడుతుంటాయి. నల్లబండికి నేనెప్పుడూ చూడలేదు. దానికో కథ ఉంది. ఒక సినిమాలో ఆ బండి దుబాయ్ విలన్‌ది. ఒక షాట్‌లో బంపరు కింద నిమ్మకాయ ఉండి, తర్వాతి షాట్‌లో ఊడిపోయింది. కంటిన్యుటీ చూసే అసిస్టెంట్ డైరెక్టరు, దుబాయ్‌లో మిరపకాయలేమిటని యూనిట్ ముందే కేకలేశాడు. దాంతో రాజేశం సార్ హుకుం జారీ చేశారు: నల్లబండికి ముందట ఏమీ కట్టొద్దు.

ఇరవై ఒక్క బండ్లకు నిమ్మకాయ కట్టి, తాను రోజూ తుడిచే బండిని మాత్రం యాదగిరి అన్న ఊరికే వదిలేస్తాడా?

మర్నాడు ప్రకాశం గారితో చెప్పి బానెట్ ఎత్తించాను. నిమ్మకాయ లేదు. వైర్ల కట్టకు మాత్రం చిన్న నల్లదారం ముక్క చుట్టి ఉంది.

"ఇది నేను కట్టింది కాదమ్మా" అన్నారాయన. తర్వాత తల గోక్కున్నారు. "యాదగిరి కదా, నిమ్మకాయ కట్టే ఉంటాడు. నా దగ్గరకు తెచ్చేటప్పుడు తీసేస్తాడేమో. నిమ్మకాయ బండికి కాదురా, మజ్జిగలోకి అని ఏడిపిస్తుంటానులే."

ఇక ఫోన్ చేయక తప్పదు. ఏం మాట్లాడాలో ముందు కాగితం మీద రాసుకున్నాను. ఎప్పుడూ అలాగే చేస్తాను.

"అన్నా, నేను వసంతను. షెడ్డు నుంచి."

"చెప్పున్రి మేడం."

"నల్లబండి బానెట్ లోపల ఏమన్నా కట్టినవా అన్నా?"

"ఎందుకు? గది గూడ రిపోర్టుల రాస్తరా?"

దీనికి నా కాగితం మీద జవాబు లేదు. కాగితం పక్కన పెట్టాను. "నేను రాసింది తప్పన్నా. నాలుగో లైను నేను ఊహించి రాసిన. మిషిను చెప్పలే. నువ్వు అడిగిననాడే చెప్పాల్సింది, నోరు రాలే."

"కట్టిన" అన్నాడు. "ముందట కడితె షాట్ల పడ్తది అంటరు. ఎనక కడితె దిష్టి ఆగుతదా? అందుకే లోపల కట్టిన. ప్రకాశం సార్ తానికి తెచ్చేటప్పుడు ఇప్పి జేబుల ఏస్కుంట. ఆయన నవ్వుతడు. బండి వాపసొచ్చినంక మళ్ళ గదే కడ్త. కొత్తది అమాసకే."

"ఏడ కట్టినవన్నా?"

"గా నల్ల పైపు పక్కన ఓ వైరు ఉంటది సూడు. ఊడకుండ మంచిగ ఆగుతదని దానికే."

ఎత్తు మీద నలుగురం

ఆదివారం రాజేశం సార్ కుర్చీ ముందు నిలబడ్డాను. ప్రకాశం గారు చర్చి నుంచి తెల్లచొక్కాతోనే వచ్చేశారు. యాదగిరి అన్న గేటు దగ్గర ఆగాడు. నేను చెప్పిందంతా విని సార్, "నిమ్మకాయతోని టర్బో ఆగుతదా? గిది నేను నమ్మాల్నా?" అన్నారు.

డైరీ తెరిచి అమావాస్య పేజీ చదవబోయాను. మొదటి మాటే ఎవరికీ వినబడలేదు. సార్ చెయ్యి చాచి డైరీ తీసుకున్నారు. ఎనిమిదేళ్ళలో దాన్ని ఇంకొకరు ముట్టుకోవడం అదే మొదటిసారి. ఆయన వేలితో గీసుకుంటూ, కూడబలుక్కుని పైకి చదివారు: "యాదగిరి అన్న బండ్లన్నిటికీ నిమ్మకాయలు కట్టాడు. రోజంతా తుమ్ములు. రాజేశం సార్ ఈరోజు మూడుసార్లు అరిచారు. మూడోసారి ఫ్యాను మీద."

సార్ డైరీలోంచి తలెత్తారు.

"ఫ్యాను మీద నేను ఒర్రిన్నా?"

"అరిచారండీ" అన్నారు ప్రకాశం గారు. "నేను పక్కనే ఉన్నాను."

గేటు దగ్గర యాదగిరి అన్న నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. సార్ డైరీ మూసి నా చేతిలో పెట్టారు. "అన్ని రాస్తది గీ పిల్ల. సరే, పాండ్రి, సూద్దాం."

యాదగిరి అన్న రోడ్డు మీద కొత్త నిమ్మకాయ దండ కొని తెచ్చాడు. ఒక కాయ, ఏడు మిరపకాయలు, కింద బొగ్గుముక్క. ఎప్పుడూ కట్టే చోటే కట్టాడు. అతను స్టీరింగ్ దగ్గర, నేను పక్కన ఫోన్‌తో, వెనక సార్, ప్రకాశం గారు. ఫిల్మ్‌నగర్ ఎత్తు మొదలైంది. ఫోన్‌లో గాలి ఒత్తిడి గీత బండితోపాటే పైకి లేస్తోంది. మొదటి స్పీడ్‌బ్రేకరు దాటాం. గీత ఒకసారి తుళ్ళింది. రెండోది దాటాం. మళ్ళీ తుళ్ళి, నిలబడింది. సార్ వెనకనుంచి మెడ చాచి, "ఏమైతలేదు గద" అన్నారు. మూడో స్పీడ్‌బ్రేకరు మీద బండి ఎగిరి దిగింది. గీత నేలకు పడిపోయింది. ఇంజిన్ బొమ్మ వెలిగింది. బండి పికప్ వదిలేసి ఉసూరుమంది. వెనక హారన్లు మొదలయ్యాయి.

పక్కకు ఆపి బానెట్ ఎత్తాం. పచ్చి నిమ్మకాయ బరువుకు వైరు కిందికి సాగి, దాని చివర ఉన్న ప్లగ్గులాంటి కప్లరు సెన్సార్ నుంచి సగం జారి ఉంది. అన్న దండ విప్పాడు. ప్రకాశం గారు కప్లరు నొక్కి, దాని అంచు వేలితో తడిమారు.

"దీని లాక్ విరిగిందండీ" అన్నారు. "విరిగింది నా చేతిలోనే. ఏసీ పైపు మార్చిన రోజు టక్కుమంది. నొక్కితే కూర్చుంటోంది కదా, ఉంటుందిలే అనుకున్నాను. సెన్సార్ మార్చిన ప్రతిసారీ అదే అనుకున్నాను."

కోడ్ రాసుకుని, ఆ తర్వాతే తుడిచాను. దండ లేకుండా మళ్ళీ కింది నుంచి ఎక్కాం. గీత ఎక్కడా తొణకలేదు. సార్‌కు నమ్మకం చాలక, ఇంకోసారి కట్టి చూడమన్నారు. కట్టాం. మళ్ళీ అదే స్పీడ్‌బ్రేకరు మీద ఆగింది. నెలకోసారే ఎందుకో కూడా అర్థమైంది. కాయ పచ్చిగా ఉన్న నాలుగు రోజులే దానికి బరువు. తర్వాత ఇంజిన్ వేడికి ఎండి గోలీ అంత అయిపోతుంది. బాగయింది సెన్సార్ మార్చినందుకని మేమనుకున్నాం. నిజానికి నిమ్మకాయ ఎండినందుకు.

రోడ్డు పక్కన నలుగురం నిలబడ్డాం. ఒకరి నాలుగో వాక్యం, ఒకరి విరిగిన లాక్, ఒకరి నిమ్మకాయ. ఎవరూ ఎవరినీ అనడానికి లేదు. సార్ రోడ్డు వైపు చూస్తూ, "ముందట కట్టొద్దన్నది నేనే గద" అన్నారు. ఆయన నోట క్షమాపణ అంటే అంతే. అప్పటివరకూ టెస్టు కోసమే ఇచ్చిన తాళం గురించి, "ఇగ అది నీ తాన్నే ఉండని" అన్నారు.

యాదగిరి అన్న తల ఊపాడు. దండ చేతిలో పట్టుకుని, "అది సరే సార్. మరి గిది ఏడ కట్టాలె?" అని అడిగాడు.

నలుగురం బానెట్ లోపలికి వంగాం. బెల్టు దగ్గరా? చుట్టుకుంటుంది. బ్యాటరీ మీదా? తడి తగులుతుంది. పావుగంట చర్చించాం. నేను నోరు తెరిచి మూడుసార్లు మాట్లాడిన సమావేశం అదొక్కటే. చివరికి ప్రకాశం గారు ముందు పక్క ఇనుప పట్టీని చూపించారు. దగ్గరలో వైరు లేదు, తిరిగేది ఏదీ లేదు. మర్నాడు తన చేత్తోనే వెల్డింగ్ కడ్డీ వంచి అక్కడొక కొక్కెం అతికారు. "మజ్జిగకు పనికొచ్చే కాయ పాడైపోతోంది" అని గొణుగుతూనే, అది ఊగకుండా ఉండేలా రెండుసార్లు సరిచేశారు.

ఆ ఆదివారం షెడ్డుకు తిరిగొచ్చాక యాదగిరి అన్నతో క్షమించమని చెప్పబోయాను. "ఫోన్ల చెప్పినవ్ గద చెల్లె. ఆడికే అయిపోయింది" అన్నాడు. అప్పటిదాకా నేను మేడమ్‌ను. ఆ సాయంత్రమే అతను టీ బండి దగ్గర ఫ్యాను సంగతితో సహా మొత్తం కథ చెప్పేశాడు. మంచి పేరు కూడా టీ బండ్ల మీదుగా అంతే వేగంగా పోతుందని అప్పుడు తెలిసింది.

వచ్చే అమ్మాయికి

నాకు మిగిలిన నీతి పెద్దదేం కాదు. స్కానర్ అబద్ధం చెప్పదు. కానీ అది ఏం జరిగిందో చెబుతుంది, ఎవరు చేశారో చెప్పదు. ఆ రెండింటి మధ్య ఉన్న ఖాళీని మన తెలివితో నింపాలనిపిస్తుంది. నింపకండి. బానెట్ ఎత్తండి. ఆ బండిని రోజూ తుడిచే మనిషిని అడగండి. ఫోన్‌లో మాట్లాడడం భయమైతే కాగితం మీద రాసుకుని మాట్లాడండి. కాగితం అయిపోయిన చోటే అసలు మాట మొదలవుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

ఆ వారం నుంచి నా రిపోర్టులో గళ్ళు మార్చాను. మిషన్ చెప్పింది, కంటితో చూసింది, ఎవరిని అడిగాను. ఊహకు గడి లేదు. చివర్లో ఒక చిన్న గడి మాత్రం కొత్తగా చేరింది. మొదట్లో దాన్ని చూసి నవ్విన రాజేశం సార్, ఈమధ్య అది ఖాళీగా ఉంటే సంతకం పెట్టడం లేదు.

నిన్న నా ఆఖరి రిపోర్టు రాశాను. నల్లబండిదే. కోడ్‌లు లేవు. ఎత్తు మీద ఒత్తిడి గీత బాగుంది. బ్యాటరీ బాగుంది. స్కానర్ తీసి సొరుగులో పెట్టాను. అడిగింది: యాదగిరి అన్నను. నిమ్మకాయ: కొత్తది, కొక్కేనికే ఉంది.